పక్కవాడి గాలి

ఈ కాగితం ముందు నిలబడి చదువుతున్న మీకు,

నమస్కారం. మీరు పక్కవాడి గాలి మీద కన్నేసి నీళ్ళలోకి దూకే మనుషులు. మొహం మీదే చెబుతున్నాను. వెనక చెప్పే అలవాటు నాకు లేదు, మీకుంది.

వీపుకి ఒక్కటే గాలి సిలిండర్ కట్టుకుంటారు. అది మొరాయిస్తే ఏం చేస్తారని అడిగితే, "పక్కన జంట ఉంటారుగా" అంటారు. మీతో దిగే ఆ జంటని అడిగితే వాళ్ళు మిమ్మల్ని చూపిస్తారు. ఈతరాని ఇద్దరు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏరు దాటబోయినట్టుంది మీ స్కూబా.

నేను ఫ్యాక్టరీల్లో భద్రతా తనిఖీ చేసే మనిషిని. ఒక్క తాడు మీద మనిషిని వేలాడదీసిన ప్రతి యజమానీ నాతో అన్న మాట ఒకటే: "ఇంతవరకూ తెగలేదు కదండీ." తెగని తాడంటూ ఉండదు. ఇంకా తెగని తాడు ఉంటుంది, అంతే.

మన డైవింగ్ క్లబ్బు సామాన్ల గదిలో నేను అడిగింది ఆకాశం కాదు. మోచేతి పొడవున్న చిన్న సిలిండర్, దానికి సొంత గొట్టం, సొంత మౌత్‌పీస్. పెద్దది దగా చేస్తే అది నోట్లో పెట్టుకుని నెమ్మదిగా పైకి రావచ్చు. "సరదాకి దిగేవాళ్ళకి అంత అక్కర్లేదండీ" అన్నారు. సరదాకి దిగినవాడు సరదాగా చస్తాడా అని అడిగాను.

మునిగిన ఓడ దగ్గరికి యాత్ర దగ్గరపడింది. ఆలోగా ప్రతి డైవర్‌కీ చిన్న సిలిండర్ ఇచ్చే నియమం చెయ్యండి. మీలో ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే నాతో వాదించండి. గెలవరు, కానీ వాదించండి.

— భద్రతా తనిఖీ అధికారిణి, క్లబ్బు సభ్యురాలు

- - - - - - ఇక్కడ కత్తిరించాలి - - - - - -

చిరంజీవి మరిదికి వదిన ఆశీస్సులు.

పై సగం నోటీసు బోర్డుకి. ఈ సగం నీ ఒక్కడికి. నువ్వు క్లబ్బు కార్యదర్శివి కావచ్చు, కానీ అంతకంటే ముందు మా ఆయన తమ్ముడివి. అందుకే చెబుతున్నాను.

పోయిన డైవ్‌లో మీ అన్నయ్య గోరంత నత్తని ఫోటో తీయడానికి ఒక బండరాయి వెనక్కి వెళ్ళారు. నా గాలి మీటరు ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. తిరిగి చూస్తే ఆయన లేరు. రాయి ఉంది, నీళ్ళున్నాయి, నేనున్నాను. ఎలా పైకొచ్చానో నాకే తెలియదు. నా వెనకే ఆయనా పడవ ఎక్కి, "నత్త ఎంత బాగా వచ్చిందో చూడు" అన్నారు. చూశాను. బాగానే వచ్చింది.

మీ అన్నయ్య బంగారం లాంటి మనిషి. నేల మీద కళ్ళు మూసుకుని నమ్ముతాను. నీళ్ళలో నమ్మను. పక్కగదిలోంచి పిలిస్తేనే పలకని మనిషి, బండరాయి వెనక నుంచి పలుకుతారా? నాకు డైవింగ్ మానాలని లేదు. ఆయనతో కాక ఇంకొకరితో దిగాలని అసలే లేదు. నాకు కావలసిందల్లా నా ఒంటి మీద నా సొంత గాలి కొంచెం.

ఉంటాను,
వదిన

తా.క. నేను భయపడ్డానని ఆయనకి తెలియదు. తెలియనివ్వకు. ఆ నత్త ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. రోజూ దాని కింద కూర్చునే కాఫీ తాగుతున్నాను.

* * *

పూజ్యులైన వదినగారికి,

మరిది చేతులు జోడించి, ఆ చేతుల్ని అలాగే ఉంచి రాస్తున్నాడు. ముందు మీరు కూర్చోండి. కూర్చున్నారా. మంచినీళ్ళు పక్కన పెట్టుకోండి.

మీ ఉత్తరం అందగానే సామాన్ల గది చూసే ఆయన చేతికిచ్చి, గీత దగ్గర కత్తిరించి బోర్డుకి అంటించమన్నాను. అంతవరకూ నా తప్పేమీ లేదు. ఆయన కత్తిరించారు కూడా, చాలా తిన్నగా. కానీ రెండు సగాలూ చదివారట. పై సగం మరీ తిట్లపురాణంలా ఉంది, పదిమంది చూసే చోట బాగుండదు అనుకున్నారట. కింది సగం మర్యాదగా, ఆశీస్సులతో మొదలైంది కదా అని దాన్ని అంటించారు.

నేను చూసేసరికి అందరూ చదివేశారు. కొందరు రెండోసారి చదువుతున్నారు.

పై సగం ఏదీ అని అడిగితే, "కత్తెర పదును చూడ్డానికి ముక్కలు చేశానండీ" అన్నారు. మంచివాడే పాపం.

అన్నయ్య కూడా చదివారు. బోర్డు ముందు చాలాసేపు నిలబడి, "ఇది మీ వదిన రాతేనా?" అని అడిగారు. అవునన్నాను. "అక్షరాలు గుండ్రంగా వస్తున్నాయి ఈ మధ్య" అని వెళ్ళిపోయారు.

కానీ వదినా, చెడులో మంచి. కమిటీ మొత్తం మీ పక్షానే ఉంది. ఆలుమగల మధ్య ఇంత దూరం పెరిగిందని తెలియక ఇన్నాళ్ళూ మిమ్మల్నిద్దర్నీ జంటగా వేసినందుకు అందరూ బాధపడ్డారు. మొగుడూపెళ్ళాం అంటే వేరే అడగక్కర్లేదు, జంటే అని రాసేయడం మా అలవాటు కదా. ఇకనుంచి మీ జంట పళ్ళ డాక్టరుగారు. పెద్దమనిషి, ఫోటోలు తీయరు, ఎటూ పోరు. సమస్య తీరిపోయినట్టే.

చిన్న సిలిండర్ సంగతి మాత్రం మరచిపోండి. మన క్లబ్బు సిద్ధాంతం మీకు తెలియనిది కాదు: నీ పక్కవాడే నీ రెండో సిలిండర్. అందుకే ప్రతివాడి గొట్టానికీ పక్కవాడి కోసం ఇంకో మౌత్‌పీస్ వేలాడుతూ ఉంటుంది. అది ఉండగా సొంత సిలిండర్ తెచ్చుకోవడమంటే, పెళ్ళి భోజనానికి క్యారేజీ కట్టుకెళ్ళినట్టు. వడ్డించేవాడి మనసు నొచ్చుకోదా?

మీ మేలు కోరే,
మరిది (కార్యదర్శి)

తా.క. కింది సగం పీకేద్దామని వెళ్ళాను. దాని అంచున ఎవరో పెన్సిల్‌తో "మా ఆయనా అంతే" అని రాశారు. ఆ కింద వరసగా సంతకాలు పడుతున్నాయి. పీకితే గొడవయ్యేలా ఉంది, ఉండనిచ్చాను.

* * *

మరిదికి,

ఆశీస్సులు ఈసారికి సగమే. మిగతా సగం కత్తెర పదును చూడ్డానికి వాడుకున్నాను.

ఏం చేశారో అర్థమైందా మీకు? నేను ఒక నియమం అడిగాను. మీరు నా వాదన చించి పారేసి నా కాపురాన్ని బోర్డెక్కించారు. ఇది మీ క్లబ్బు కనిపెట్టిన విద్యేమీ కాదు. ఫ్యాక్టరీలో ఆడమనిషి చెయ్యి మిషన్లో పడితే, మిషన్‌కి కంచె ఎందుకు లేదని ఎవరూ అడగరు. ఆ రోజు ఇంట్లో ఏమైనా గొడవ పడి వచ్చిందా అని అడుగుతారు. కంచె ఖర్చు యజమానిది, గొడవ ఆమెది. ఎంత తేలికో చూడు.

ఇక పళ్ళ డాక్టరుగారు. ఆయనకి నోరు తప్ప ప్రపంచంలో ఏదీ కనపడదు, నిజమే, చేపల వెంట పోరు. కానీ కొలిమితిత్తిలా పీలుస్తారు. అందరికంటే ముందు ముల్లు కిందికి దిగేది ఆయనదే. పోయినసారి ఆయనకి గాలి అయిపోతే ఇద్దరు పంచి పైకి తెచ్చారు, పైకొచ్చి "ఈ రోజు నీళ్ళు కొంచెం చిక్కగా ఉన్నాయి" అన్నారు. నాకు గాలి కావాలంటే, నా గాలి తాగేవాణ్ణి తెచ్చి పక్కన పెడతావా? చిల్లుకుండ వద్దంటే అడుగులేని కుండ ఇచ్చినట్టుంది.

నీ సిద్ధాంతానికి జవాబు. ఇద్దరూ ఒకే లోతులో, ఒకేసేపు తిరుగుతారు. ఇద్దరి సిలిండర్లూ ఒకేసారి అడుగంటుతాయి. కరెంటు పోయినప్పుడు దీపం కోసం పక్కింటికి పరిగెత్తితే అక్కడ మాత్రం వెలుగుంటుందా? వీధంతా ఒకటే తీగ. పెళ్ళి భోజనం అన్నావు. విస్తరి దాకా వచ్చాక వంటవాడు పారిపోయాడని తెలిస్తే ఆకలితో ఇంటికి రావచ్చు. నీళ్ళ అడుగున తెలిస్తే ఇంటికి రావడమే ఉండదు.

మీ క్లబ్బులో వినపడే "మేమంతా ఒక కుటుంబం" అనే మాట నేను మొదటిసారి విన్నది ఒక రంగుల ఫ్యాక్టరీ యజమాని నోట. మాస్కులేవీ అని అడిగినందుకు వచ్చిన జవాబది. కుటుంబం గురించి ఎవరైనా గొంతు పెంచారంటే నేను వెంటనే మాస్కులు లెక్కపెడతాను.

పక్కవాడు ఆదుకోవాలి, కాదనను. నా బతుకంతా చెప్పింది ఆ మాటే. కానీ ఆదుకోవడం అతని మంచితనం మీద, ఆ నిమిషంలో అతని మెడ ఎటు తిరిగి ఉంది అన్నదాని మీద ఆధారపడితే దాన్ని హక్కు అనరు, అదృష్టం అంటారు. నేను అదృష్టం అడగలేదు.

ఇంట్లో సంగతి. మీ అన్నయ్య కోపంగా లేరు. ఉంటే బాగుండేది. పక్కగదిలో కూర్చుని, నేను పిలవకుండానే కాసేపటికోసారి "ఆఁ?" అంటున్నారు. నేను పిలవలేదంటే, "పిలిచావేమోనని" అంటున్నారు. నిన్న స్నానాలగదిలోంచి కూడా పలికారు.

సర్వసభ్య సమావేశం పెట్టు. నా ప్రతిపాదన నేనే చదువుతాను. కత్తెర ఎవరి దగ్గరా ఉండకూడదు.

వాదనకి సిద్ధంగా,
మీ వదిన

తా.క. అత్తయ్యగారు ఫోన్ చేశారు. "మొగుడూపెళ్ళాల మధ్య ఊపిరి దగ్గర నీదీ నాదీ ఏమిటమ్మా, మా కాలంలో ఉందా ఇది" అన్నారు. మామయ్యగారికి ఆవిడ ఏనాడూ సగం దుప్పటి ఇచ్చిన పాపాన పోలేదు. ఆ మాట నేను అనలేదు. వెనకనుంచి మామయ్యగారే అన్నారు.

* * *

వదినగారికి,

నమస్కారాలతో మొదలుపెట్టి క్షమాపణలతో ముగిస్తాను, మధ్యలో ఏం రాసినా ఆ రెంటినీ గుర్తుంచుకోండి.

జ్వరం వచ్చిన కార్మికుణ్ణి పనిలో పెట్టిన ఫ్యాక్టరీకి ఉన్నపళంగా పరిగెత్తాల్సి వచ్చి మీరు సమావేశానికి రాలేకపోయారు కదా. మీ ప్రతిపాదన నేనే చదివాను. తిట్లు వదలకుండా చదివాను, కావాలంటే ఎవర్నైనా అడగండి. తరవాత జరిగింది ఇదీ.

పళ్ళ డాక్టరుగారు లేచి, తనను మీరు కొలిమితిత్తి అన్నందుకు కాదుగానీ నమ్మనందుకు బాధగా ఉందన్నారు. కొలిమితిత్తి సంగతి ఆయనకెలా తెలిసిందని నన్ను అడగకండి. మా ఆవిడ మీ తోడికోడలే కదా, ఆమెకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అధ్యక్షురాలు లేచి, "నమ్మకం లేనిచోట నీళ్ళకి లోతుండదు" అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు, అందుకని చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కరే లేచి తమ జంటని తామెంత నమ్ముతారో చెప్పారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ వేడిలో ఇంకో తీర్మానం కూడా చేశాం: ఇకమీదట చిన్న సిలిండర్లేవీ పడవ ఎక్కకూడదు. ఇంతకుముందు ఇవ్వం అనే ఉండేది, ఇప్పుడు తెచ్చుకోకూడదు కూడా. మీరు అడక్కపోతే ఈ నియమం వచ్చేదే కాదని కొందరన్నారు.

అందరూ చేతులెత్తారు. అన్నయ్య మాత్రం ఎత్తలేదు. ఎందుకని అడిగితే, చేతిలో కెమెరా ఉందన్నారు.

తరవాత నా దగ్గరికొచ్చి, నీళ్ళలో నమ్మదగిన మనిషి కావాలంటే ఏం చెయ్యాలని అడిగారు. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. "వదలకుండా పట్టుకో అన్నయ్యా, అంతే" అన్నాను. తాడు కొనుక్కున్నారని తెలిసింది.

మా ఆవిడ మీ ఇద్దరికీ కాపురాల సలహాదారు దగ్గర సమయం తీసుకుంది. వెళ్ళకపోతే నన్ను ఇంట్లో ఉండనివ్వనంటోంది. మీ కోసం కాకపోయినా నా కోసం వెళ్ళండి.

క్షమాపణలతో (చెప్పినట్టే),
మరిది

తా.క. తాడు సలహా నాదని ఎక్కడా అనకండి.

* * *

తాడు సలహా ఇచ్చిన మరిదికి ఆశీస్సులు.

ఈత కొలనులో రిహార్సల్ జరిగింది. మీ అన్నయ్య ఆ తాడు ఒక కొస తన నడుముకి, ఇంకో కొస నా నడుముకి కట్టారు. నేను అటు, ఆయన ఇటు, మధ్యలో నీటి జిమ్నాస్టిక్స్ చేసే పెద్దావిడ. ముగ్గుర్నీ కలిపి ఒకే కట్టగా బయటికి లాగారు. ఆవిడ ఏమీ అనుకోలేదు, చాలాకాలానికి ఎవరో పట్టించుకున్నారన్నారు.

సలహాదారు దగ్గరికీ వెళ్ళాం. ఆవిడ చాలా మెత్తగా, "మీ ఇద్దరి మధ్య దూరం ఎంతుందంటారు?" అని అడిగారు. మీ అన్నయ్య ఆలోచించి, "ఓ ఇరవై అడుగులుంటుందండీ, బండరాయి అడ్డం" అన్నారు. ఆవిడ రాసుకున్నారు.

చేతులెత్తి నమ్మకాన్ని తీర్మానించిన మహానుభావులకి నా జోహార్లు. నమ్మకానికి తీర్మానం కావలసి వచ్చిందంటేనే దాని ఆరోగ్యం ఎలా ఉందో తెలుస్తోంది. నియమం అడిగితే నిషేధం ఇచ్చారు. ఇది కూడా నాకు కొత్త కాదు. తలుపు కావాలని అడిగిన కార్మికుల కిటికీ మూయించిన ఫ్యాక్టరీ ఒకటుంది.

యాత్రకి రానని రాద్దామనే కూర్చున్నాను. కానీ నిన్న వంటింట్లో ఒక మాట జరిగింది. మీ అన్నయ్య గిన్నెలు తుడుస్తూ, "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను" అన్నారు.

"మీకేం, వెళ్ళండి. డాక్టరుగారున్నారుగా" అన్నాను.

"కెమెరా ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నా."

"నేనడిగానా?"

"అడగలేదు. నువ్వు దేన్నీ నన్ను అడగవు. బోర్డుని అడుగుతావు."

పదునైన మాటే. నాకు జవాబు తోచలేదు. ఇన్నేళ్ళలో ఇది రెండోసారి. మొదటిది పెళ్ళిచూపుల్లో.

అందుకని వస్తున్నాను, మీ అన్నయ్యతోనే దిగుతాను, డాక్టరుగారిని ఇంకెవరికైనా తగిలించు. మీ దిక్కుమాలిన నియమం పాటించి చిన్న సిలిండర్ లేకుండానే వస్తాను. ఒప్పుకున్నానని అనుకోకు. చెత్త నియమాన్ని కూడా అది మారేదాకా పాటించి, మార్చేదాకా నిద్రపోనివ్వకుండా పోట్లాడడం నా పద్ధతి. కానీ ఒక్క మాట రాసి పెట్టుకో మరిదీ: నాకు భయంగా ఉంది. ఆ బండరాయి కళ్ళు మూసుకుంటే కనపడుతోంది. ఏమైనా అయితే "ఇంతవరకూ తెగలేదు" అని మాత్రం ఎవరూ నా ఫోటో ముందు అనకూడదు.

ధైర్యం నటిస్తూ,
వదిన

తా.క. నా ఫోటో అంటే గుర్తొచ్చింది. ఇంట్లో నాది మంచి ఫోటో ఒక్కటీ లేదు. నత్తవి పదకొండు ఉన్నాయి.

* * *

వదినగారికి,

ముక్కు మూసుకుపోయిన మరిది నమస్కారాలు.

తుమ్ములు, జలుబు. ఇలాంటప్పుడు దిగితే చెవులు పగిలిపోతాయని మీకు తెలుసు. కాబట్టి నేను యాత్రకి రావడం లేదు. పడవ మీద మీరే పెద్ద దిక్కు.

చిన్న సాయం. నా బ్యాగు ముందే పడవ ఎక్కించేశారు, దింపడం ఇప్పుడు కుదరదట. దాన్ని ఒక మూలన ఉంచండి చాలు. ఎవరూ తెరవకుండా చూడండి, మీరు కూడా. లోపల తడిబట్టలు తప్ప ఏమీ లేవు.

భయపడకండి వదినా. పక్కన అన్నయ్య ఉంటారు.

తుమ్ముతూ,
మరిది

తా.క. బ్యాగు కొంచెం బరువుగా ఉంటుంది. తడిబట్టలు కదా.

* * *

తడిబట్టల మరిదికి,

ఆశీస్సులు. జలుబు తగ్గిందని ఆశిస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం నువ్వు లేచి నిలబడి చదవాలి.

పడవ నడిపే ఆవిడ సంగతి తెలుసుగా, నోట్లోంచి మాట రావాలంటే తుఫాను రావాలి. అందరం ఎక్కాక ఆవిడ ఒడ్డున నిలబడి పడవని అటూ ఇటూ చూశారు. "ఇంతమందికి పడవ నీళ్ళలోకి ఇంత దిగకూడదు. ఎవరి దగ్గరో లెక్కలో లేని బరువుంది" అన్నారు.

పడవలో ప్రతి తలకాయా నా బ్యాగు వైపు తిరిగింది. అధ్యక్షురాలు చాలా జాలిగా, "ఇప్పటికైనా తీసి ఒడ్డున పెట్టేయమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు.

నా బ్యాగు నేనే బోర్లించాను. తువ్వాలు, కళ్ళద్దాలు, ఈతకి కాళ్ళకి తొడిగే ఫిన్స్, నీళ్ళ సీసా. అంతే. పడవ ఆవిడ వాటిని చూసి, "తరవాతి బ్యాగు" అన్నారు.

నా బ్యాగు వైపు తిరిగిన తలకాయలన్నీ నీళ్ళ వైపు తిరిగాయి.

అధ్యక్షురాలి బ్యాగులో శాలువా, శాలువాలో చిన్న సిలిండర్. చంటిపిల్లని చుట్టినట్టు చుట్టారు. డాక్టరుగారి దగ్గర ఒకటి. "ఇది వృత్తికి సంబంధించినదండీ" అన్నారు. కోశాధికారి దగ్గర ఒకటి, ఆయన జంట దగ్గర ఒకటి. నమ్మకం గురించి మాట్లాడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్న దంపతులు లేరూ, వాళ్ళ దగ్గర చెరొకటి. ఒకరి దగ్గరుందని ఇంకొకరికి తెలియదు. నీ తడిబట్టల్లో రెండు. నువ్వు తెరవొద్దన్నావు. నేను తెరవలేదు, పడవ ఆవిడ తెరిచారు, నేను పక్కన నిలబడి దీవించాను.

డెక్కు మీద వరసగా నిలబెట్టాం. బ్యాండుమేళం వాళ్ళ బాకాల్లా మెరుస్తున్నాయి. పడవ ఆవిడ వాటిని చూసి, మమ్మల్ని చూసి, "మీరు ఒకరినొకరు బాగా నమ్ముతారని విన్నాను. ఆ నమ్మకం బరువుకే నా పడవ మునిగేట్టుంది" అన్నారు.

మిగిలింది మీ అన్నయ్య బ్యాగు. దాని మీద కూర్చుని ఉన్నారు.

"లెన్సులున్నాయి లోపల, పగులుతాయి" అన్నారు.

"లేవండి" అన్నాను.

లేచారు. లోపల ఒక చిన్న సిలిండర్, దానికి నడుముకి కట్టుకునే పట్టీ. ఆ పట్టీ ఆయన నడుములో సగానికి కూడా రాదు. నా కొలతకి కత్తిరించి, కొసలు మడిచి చేత్తో కుట్టి ఉంది. ఆ కుట్టు నేనెరుగుదును. వంకరగా పోయి, మధ్యలో ఆలోచనలో పడి, మళ్ళీ వంకరగా వస్తుంది.

"ఎప్పుడు కుట్టారు?"

"నువ్వు ఫ్యాక్టరీలకి వెళ్ళినప్పుడు."

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు భయపడ్డావని నాకు తెలియకూడదని రాశావుగా, బోర్డు మీద. తెలియనట్టే ఉన్నాను."

మరిదీ, నేను వాదించలేదు. ఇది మూడోసారి.

తరవాత నా ఉద్యోగం నేను చేశాను. ఆ సిలిండర్లన్నీ అక్కడే తనిఖీ చేశాను. డాక్టరుగారిది ఖాళీ. కొన్నప్పటి నుంచీ ఖాళీయే. అధ్యక్షురాలిది మర తుప్పు పట్టి తిరగదు. కోశాధికారిదీ ఆయన జంటదీ ఖాళీ, దంపతులవి రెండూ ఖాళీ. నీవాటిలో ఒకటి ఖాళీ, రెండోదాని మౌత్‌పీస్ ఎలక కొరికేసింది. ఎందుకో తెలుసా? రహస్యంగా దాచుకున్నదాన్ని క్లబ్బులో అందరి ముందూ నింపించుకోలేరు కాబట్టి. ప్రతి ఒక్కరూ పక్కవాడి ముందు సిగ్గుపడి, ఆ సిగ్గుని వీపున మోసుకుంటూ నీళ్ళలో దిగుతున్నారు. లోపల గాలి లేదు, సిగ్గు ఒక్కటే ఉంది. సిగ్గు పీల్చి ఎవరూ పైకి రాలేరు. పనికొచ్చేది మీ అన్నయ్యది ఒక్కటే. అగ్నిమాపక కేంద్రంలో ఎవరో స్నేహితుణ్ణి బతిమాలి నింపించారట. పనికిరానివన్నీ ఒడ్డున దింపాక పడవ తేలింది. చేసినవాళ్ళే మీరాక అది నియమం కాదనుకుని ఆ పట్టీ నేను కట్టుకోబోతుంటే నియమం సంగతేమిటని అధ్యక్షురాలు ఎవర్నీ అడగలేదు. దిగాం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయకుండా ఉండగలను. కానీ నేను దాచిపెడితే మీకూ నాకూ తేడా ఏముంది.

నడుముకి సొంత గాలి ఉంది కదా, భయం పోయింది. ఓడ వంటగది కిటికీలోంచి ఒక పాములాంటి చేప తల బయటికి పెట్టి చూస్తోంది. మన అధ్యక్షురాలు సభలో చూసినట్టే. నేను దాని ముందు ఆగిపోయాను. అది నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. ఎవరో నా ఫిన్ పట్టుకుని లాగారు. చూస్తే మీ అన్నయ్య. చేతిని గొంతు మీద అడ్డంగా ఆడిస్తున్నారు. గాలి లేదని. నాకోసం ఓడ అంతా వెతుకుతూ ఎడాపెడా పీల్చేశారు. నా మీటరు చూసుకుంటే అదీ ఎర్రగీత మీదే ఉంది. ఇద్దరికి చాలదు.

చిన్న సిలిండర్ మౌత్‌పీస్ తీసి ఆయన నోట్లో పెట్టాను. ఆయన నింపించినది ఆయనే పీల్చారు. చేతులు పట్టుకుని నెమ్మదిగా పైకొచ్చాం.

పడవ ఎక్కాక అడిగారు: "ఎక్కడికి పోయావు?"

"చేపని చూస్తున్నాను."

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది."

"నేను తీయలేకపోయాను" అని బాధపడ్డారు.

చూశావా మరిదీ. ఈసారి జంటని వదిలేసింది నేను. భద్రతే ఉద్యోగంగా బతికిన నేను. మొగుడి మీద కోపంతో కాదు, కాపురం చెడి కాదు, సలహాదారు అక్కర్లేదు. చేప బాగుంది, చూశాను. నియమాలు చెడ్డవాళ్ళ కోసం కాదు. చేపలు చూసే మంచివాళ్ళ కోసం. మంచితనానికి మెడ ఉంటుంది, అది అప్పుడప్పుడూ పక్కకి తిరుగుతుంది. సిలిండర్‌కి మెడ తిరగదు.

ప్రేమలో లోటేమీ లేక, గాలిలో లోటు ఒప్పుకోక,
మీ వదిన

తా.క. డిమాండ్లు:

1. పోయిన సమావేశంలో చేసిన నిషేధం రద్దు చేయాలి.

2. దిగే ప్రతి మనిషికీ పెద్ద సిలిండర్‌తో పాటే చిన్న సిలిండర్ ఇవ్వాలి. అడిగినవాళ్ళకి కాదు, అందరికీ.

3. ఎందుకు, ఎవరి మీద అనుమానం అని ఎవరూ అడగకూడదు.

4. మొగుడూపెళ్ళాలని అడగకుండా జంటగా రాసే పద్ధతి మానాలి. అడిగి రాయాలి.

5. ఇళ్ళలో దాచినవన్నీ తెచ్చి బాగుచేయించాలి. ఎవరివని పేర్లు చదవకూడదు.

6. చిన్న సిలిండర్లని క్లబ్బులోనే, పగలు, తలుపులు తీసిపెట్టి నింపాలి.

7. నింపిన ప్రతిదాన్నీ పడవ ఎక్కేముందు ఒకసారి పీల్చి చూడాలి.